పెద్దయ్యాక పియానో: మొదటి ఆరు నెలలు ఎట్టా సాధన చేయాలి

నలభై దాటాక పియానో మొదలుపెట్టినవాళ్లు వేళ్లు ముదిరిపోయాయని దిగులు పడతారు. ఇబ్బంది పెట్టేది వేళ్లకన్నా చెవి. ఇరవై ఏళ్లుగా విన్న పాట చరణాలతో సహా నోటికి వచ్చు, ఎక్కడ తాళం తప్పినా ఇట్టే తెలిసిపోతుంది. వేలికి మాత్రం మొదటి స్వరం ఎక్కడుందో తెలియదు. చెవి ముందు పరిగెడుతుంటే చెయ్యి వెనక పడుతూ లేస్తూ వస్తుంది. పిల్లలకు ఆ పాట ఇంకా తెలియదు గనుక ఆ తొందరా ఉండదు. కింద చెప్పే పద్ధతంతా చెవిని కొన్నాళ్లపాటు చేతి నడకకు దించడం కోసమే.

ఏ వాయిద్యం

పియానో అన్న పేరు మెల్లగా, గట్టిగా అనే అర్థమున్న రెండు ఇటాలియన్ మాటల్లోంచి వచ్చింది. 1700 ప్రాంతంలో ఫ్లారెన్స్‌లో బార్తొలొమేయో క్రిస్తోఫోరి తయారుచేసిన ఈ వాయిద్యంలో కొత్త సంగతి అదే: మెట్టు ఎంత బలంగా నొక్కితే అంత గట్టిగా పలుకుతుంది. హార్మోనియంలో ఆ బలం తిత్తిది, ఇక్కడ వేలిది. అందువల్ల కీబోర్డు కొనేటప్పుడు ముందు చూడాల్సింది టచ్ రెస్పాన్స్ ఉందా లేదా అని. ఆరువందల టోన్లున్నాయని షాపువాళ్లు చెబుతారు గానీ మీరు వాడేది ఒక్క పియానో టోనే. యమహాలో పీఎస్ఆర్-ఇ273కి టచ్ లేదు, పీఎస్ఆర్-ఇ373కి ఉంది. క్యాసియోలో సీటీ-ఎస్200కి లేదు, సీటీ-ఎస్300కి ఉంది. చూడటానికి అక్కాచెల్లెళ్లలా ఉంటాయి, పెట్టె మీద నంబరు చదవండి. టచ్ లేనిదాని మీద ఆరు నెలలు సాధన చేస్తే వేలికి బలాబలాలు అసలు తెలియవు, తర్వాత అసలు పియానో ముందు కూర్చుంటే అన్ని స్వరాలూ ఒకే మోతగా పడతాయి.

61 మెట్లు మొదటి ఏడాదికి సరిపోతాయి. సినిమా పాటలు, కీర్తనలు, కార్డ్స్ అంటే ఒకేసారి కలిపి మోగించే స్వరాలు, ఇవే మీ కోరికైతే అదే చాలు. పాశ్చాత్య పియానో రచనలు వాయించాలనుంటే మాత్రం మొదటే 88 బరువు మెట్ల, అంటే అసలు పియానోలా నొక్కడానికి బరువుగా ఉండే మెట్ల, డిజిటల్ పియానోకి వెళ్లండి. యమహా పీ-145, రోలాండ్ ఎఫ్‌పీ-10 లాంటివి. 11, 12 కిలోలుంటాయి, రోజూ మంచం మీంచి బల్లమీదకి మార్చేవి కావు, చోటు ముందే చూసుకోండి. తేలిక మెట్ల మీద అలవాటైన వేలు బరువు మెట్ల మీదకి వస్తే మళ్లీ మూడు నాలుగు వారాలు తడబడుతుంది.

చెక్క పియానో, అంటే తీగలున్న అసలుది, మన కోస్తాలో తొలి వాయిద్యంగా వద్దు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానగాలి తేమకు లోపలి చెక్కపలక ఉబ్బి శ్రుతి పైకి పోతుంది, మెట్లు పట్టేస్తాయి. మే ఎండకు అదే పలక ఎండి శ్రుతి కిందకి దిగుతుంది. ఏడాదికి రెండుసార్లయినా శ్రుతి చేయించాలి, ఆ పనిమంతుడు సాధారణంగా చెన్నై నుంచి రావాలి. నెల్లూరుకి అది దగ్గర దగ్గర 175 కిలోమీటర్లు, ఒంగోలుకి ఇంకా ఎక్కువ.

సెకండ్ హ్యాండ్ తీసుకుంటే ఒక్కసారి తిరగేసి అడుగున స్క్రూలు చూడండి. స్క్రూ తలలు ఎర్రగా తుప్పుపట్టి ఉంటే ఆ వాయిద్యం ఉప్పుగాలిలో బతికిందని అర్థం. మైపాడు, కొత్తపట్నం వైపు సముద్రానికి దగ్గరగా ఉన్న ఇళ్లలోంచి వచ్చినవి ఇలా ఉండే అవకాశం ఎక్కువ. లోపలి సాకెట్లూ అదే దారిలో ఉంటాయి. తర్వాత వాల్యూమ్ సగంలో పెట్టి ప్రతి మెట్టునీ రెండుసార్లు నొక్కండి, ఒకసారి మెల్లగా, ఒకసారి గట్టిగా. ఏదైనా మెట్టు మెల్లగా నొక్కినా గట్టిగా అరిస్తే, లేదా మూడుసార్లకు ఒకసారే పలికితే లోపల మురికి చేరింది. అడాప్టరు పిన్ను పట్టుకుని కొద్దిగా కదపండి, ఆరిపోతే సాకెట్ వదులైంది. ఇయర్‌ఫోన్ పెట్టి తీశాక స్పీకరు మళ్లీ పలుకుతుందా లేదా కూడా చూడాలి. దీన్ని చాలామంది మర్చిపోతారు.

వీటితోపాటు వేలు తీశాకా స్వరాన్ని సాగనిచ్చే సస్టైన్ పెడల్ ఒకటి, ఊగని స్టాండ్ ఒకటి. ఇయర్‌ఫోన్లు వైరువే కావాలి: బ్లూటూత్‌లో శబ్దం ఆలస్యంగా చెవిలో పడుతుంది, వేలు ఒకచోట స్వరం ఒకచోట అవుతుంది. యమహా కీబోర్డులకు లావు పిన్ను, సీటీ-ఎస్300కి ఫోన్ పిన్ను. ముప్పై రూపాయల కన్వర్టర్ కోసం ఒక సాయంత్రం పోగొట్టుకోకుండా ముందే చూసుకోండి.

కూర్చోవడం, నిమ్మకాయ

చాలా నొప్పులకు మూలం డైనింగ్ టేబుల్. దాని ఎత్తు 75 సెంటీమీటర్లు, మీద కీబోర్డు పెడితే మెట్లు 83 దగ్గరకు పోతాయి. భుజాలు పైకెత్తి వాయించాల్సి వస్తుంది, పది నిమిషాలకే మెడ పట్టేస్తుంది. కూర్చున్నప్పుడు మోచెయ్యి మెట్ల ఎత్తులోనో, ఓ వేలెడు పైనో ఉండాలి. టేపు పెట్టి కొలవండి: కుర్చీ పీట 48 నుంచి 50 సెంటీమీటర్లు, మెట్లు 70 నుంచి 73. టేబుల్ తప్ప గతిలేకపోతే దిండు వేసి కూర్చునే ఎత్తుని 58 దాకా పెంచి, పాదాల కింద పీట వేసుకోండి. చేతులున్న ప్లాస్టిక్ కుర్చీ వద్దు, చివరి మెట్లకు పోయేటప్పుడు మోచెయ్యి దానికి కొట్టుకుంటుంది. నేలమీద బాసింపట్టు వేసుకోవడం హార్మోనియానికి బాగుంటుంది. రెండు చేతుల వాయిద్యానికి మోకాళ్లు అడ్డమొచ్చి కీబోర్డు దూరం జరుగుతుంది, నడుం వంగుతుంది.

చెయ్యి ఆకారానికి గూడూరు నిమ్మకాయ మంచి కొలత. అరచేతిలో ఒక నిమ్మకాయ పట్టుకుని, చెయ్యి బోర్లించి మెట్ల మీద పెట్టి, కాయని జారవిడవండి. మిగిలిన ఆ గుండ్రటి గూడే మీకు కావలసింది. వేళ్ల కొసలు మెట్టుని తాకుతాయి, బొటనవేలు మాత్రం గోరు పక్కనున్న అంచుతో తాకుతుంది. బండి హ్యాండిల్ పట్టుకోవడం, ఫోన్ నొక్కడం అలవాటైన చేతులు రెండో నిమిషానికే చదునుగా పడుకుంటాయి. మణికట్టు మెట్ల అంచు కన్నా కిందకి జారిందంటే అలసిపోయినట్టు, చేతులు దించి విదిలించి మళ్లీ మొదలుపెట్టండి. గోళ్లు కత్తిరించుకోవాలి. గాజులు, ఉంగరాలు తీసి పక్కన పెట్టుకుంటే మేలు, గాజు మెట్ల అంచుకు తగిలిన ప్రతిసారీ చెయ్యి తెలియకుండానే పైకి లేస్తుంది. కండరం అలిసిన నొప్పి విశ్రాంతితో పోతుంది. వేళ్లు తిమ్మిరెక్కుతుంటే మాత్రం సాధన ఆపి డాక్టరుకు చూపించుకోవాలి.

వేళ్లకు నంబర్లుంటాయి. రెండు చేతులకూ బొటనవేలు 1, చూపుడు 2, మధ్య 3, ఉంగరం 4, చిటికెన 5. ఈ వ్యాసంలో వేలి అంకెలన్నీ ఇవే.

మొదటి వారం నల్లమెట్లు

చాలా పుస్తకాలు తెల్లమెట్లతో మొదలవుతాయి. తెలుగు చెవికి నల్లమెట్లు దగ్గర దారి. కీబోర్డు మీద నల్లవి రెండు, మూడు, రెండు, మూడుగా గుంపులుంటాయి. మూడింటి గుంపులో మొదటి మెట్టుని షడ్జమం చేసుకుని, నల్లమెట్లు మాత్రమే వరసగా పైకి వాయిస్తూ పోండి: స రి గ ప ద స. అది మోహన. ఏ నల్లమెట్టు తగిలినా రాగం చెడదు, కాబట్టి కళ్లు మూసుకుని కూడా తిరగొచ్చు.

ఇంకా వింత ఏమంటే ఆ అయిదు మెట్లే, మొదలుపెట్టే చోటు మారిస్తే రాగం మారిపోతుంది. మూడింటి గుంపులో మధ్యది షడ్జమమైతే మధ్యమావతి. మూడోదైతే హిందోళం. రెండింటి గుంపులో మొదటిదైతే శుద్ధసావేరి, రెండోదైతే శుద్ధధన్యాసి. సంగీతజ్ఞులు దీన్ని గ్రహభేదం అంటారు. గమకాలు ఈ మెట్ల మీద పలకవు, ఆ లోటు ఈ వాయిద్యంలో ఎప్పటికీ ఉంటుంది. అయినా రోజుకో షడ్జమం పట్టుకుని పావుగంట తిరిగితే వారంలో మెట్ల భూగోళం చేతికి వస్తుంది. ఎడమచేత్తో షడ్జమ పంచమాలు పట్టి ఉంచండి, తంబురా లాగా. శుద్ధసావేరి, శుద్ధధన్యాసి, మోహన, మధ్యమావతులకు ఇది కుదురుతుంది. హిందోళంలో పంచమం లేదు గనుక షడ్జమ మధ్యమాలు పట్టాలి.

ఇక పేర్లు. రెండు నల్లమెట్ల గుంపుకు ఎడమ పక్కన ఆనుకుని ఉన్న తెల్లమెట్టు సి. 61 మెట్లలో ఎడమ నుంచి మూడో సి మధ్య సి, 88లో నాలుగోది. అక్కణ్నించి తెల్లవి వరసగా సి, డి, ఇ, ఎఫ్, జి, ఎ, బి. హార్మోనియం శ్రుతులు తెలిసినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు, పద్యనాటకాల ఊళ్లలో ఈ లెక్క అందరికీ తెలిసిందే: ఒకటి శ్రుతి సి, ఒకటిన్నర సి షార్ప్, రెండు డి, రెండున్నర డి షార్ప్, మూడు ఇ, నాలుగు ఎఫ్, నాలుగున్నర ఎఫ్ షార్ప్, ఐదు జి, ఐదున్నర జి షార్ప్, ఆరు ఎ, ఆరున్నర ఎ షార్ప్, ఏడు బి. మూడున్నర శ్రుతి ఎందుకు లేదో ఇప్పుడు కనిపిస్తుంది, ఇ-ఎఫ్‌ల మధ్య నల్లమెట్టు లేదు.

పేర్లు గుర్తుండటానికి స్టిక్కర్లు అంటిస్తారు. రెండు వారాలకు తీసేయండి. ఎండాకాలం గదిలో జిగురు కరిగి మెట్ల సందుల్లోకి దిగుతుంది. స్కెచ్ పెన్నుతో అసలు రాయకండి, పోదు.

సరళీ వరసలే వేళ్ల కసరత్తు

చిన్నప్పుడు సంగీతం క్లాసుకు వెళ్లి మానేసినవాళ్లకు ఇక్కడ ఓ లాభం. మాయామాళవగౌళలో సరళీ వరసలు పియానో మీద చక్కటి వేళ్ల కసరత్తు. సి షడ్జమంగా స్వరాలు ఇవి: సి, డి ఫ్లాట్ (సి షార్ప్ మెట్టే), ఇ, ఎఫ్, జి, ఎ ఫ్లాట్ (జి షార్ప్ మెట్టే), బి, పై సి. కుడిచేతి వేళ్లు 1 2 3 1 2 3 4 5. ఎడమచెయ్యి కింద నుంచి పైకి 5 4 3 2 1 3 2 1. తెల్లమెట్లన్నీ వాయిస్తే శంకరాభరణం, అంటే సి మేజర్. దానికీ ఇవే వేళ్లు.

ఏడు స్వరాలకు అయిదు వేళ్లే ఉన్నాయి గనుక బొటనవేలు కిందుగా దూరాలి. కుడిచేత్తో మధ్యవేలు గాంధారం మీద ఉండగా బొటనవేలు అరచేతి కింద నుంచి మధ్యమానికి పోతుంది. తప్పు జరిగేది ఇక్కడే. బొటనవేలు ఆఖరి క్షణంలో గుర్తొచ్చి, దాన్ని అందించడానికి మోచెయ్యి కోడిరెక్కలా బయటికి లేస్తుంది, మధ్యమం మిగతా స్వరాల కన్నా గట్టిగా టక్కుమని మోగుతుంది. మందు ఏమంటే చూపుడువేలు రిషభం వాయిస్తుండగానే బొటనవేలు కదలడం మొదలుపెట్టాలి, గాంధారం మోగేసరికి అది మధ్యమం మీద సిద్ధంగా ఉండాలి. స రి గ మ, మ గ రి స, ఈ నాలుగు స్వరాలే అయిదు నిమిషాలు చేయండి. మొత్తం ఆరోహణకన్నా ఆ ముక్కే ముఖ్యం.

లెక్కగా దెబ్బలు కొట్టే మెట్రోనోంని 60 మీద, అంటే నిమిషానికి 60 దెబ్బల మీద పెట్టండి. మన మూడు కాలాల పద్ధతి ఎట్టాగూ ఉంది: మొదటి కాలంలో దెబ్బకో స్వరం, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు. మొదటి నెల మొదటి కాలం దాటకండి. ఉంగరంవేలు బలహీనంగా ఉందని చాలామంది దాన్ని విడిగా పైకెత్తి శిక్షిస్తారు. దాన్ని లేపే స్నాయువు పక్క వేళ్ల స్నాయువులకు అరచేతి వెనక అడ్డంగా ముడిపడి ఉంటుంది, అందుకే విడిగా లేవదు. ఎత్తు పెంచితే నొప్పి తప్ప బలం రాదు. మెట్టుని వదలకుండా ఆనుకుని నొక్కితే చాలు.

జి మేజర్‌కీ వేళ్లు ఇవే, ఎఫ్ ఒక్కటి షార్ప్ అవుతుంది. ఎఫ్ మేజర్‌లో కుడిచేతికి మాత్రం 1 2 3 4 1 2 3 4. బి ఫ్లాట్ అనే నల్లమెట్టు నాలుగో స్వరంగా వస్తుంది కదా, పొట్టి బొటనవేలు అక్కడ పడకుండా ఈ ఏర్పాటు. తక్కిన స్కేళ్లు ఆరు నెలలదాకా అక్కర్లేదు.

ఎడమచెయ్యి, మూడు కార్డులు

మేజర్ కార్డు లెక్క: మొదటి స్వరం నుంచి నాలుగు మెట్లు, అక్కణ్నించి మూడు, నలుపూ తెలుపూ కలిపి లెక్కపెట్టాలి. మైనర్‌లో మూడు, నాలుగు. మన భాషలో చెప్పాలంటే షడ్జమ పంచమాల మధ్య అంతర గాంధారం ఉంటే మేజర్, సాధారణ గాంధారం ఉంటే మైనర్.

సి, ఎఫ్, జి కార్డుల కోసం ఎడమచెయ్యి ఎగిరెగిరి పడనక్కర్లేదు, మూడింటినీ ఒక్క చోటే పట్టొచ్చు. సి కార్డు: సి, ఇ, జి స్వరాలు, వేళ్లు 5 3 1. ఎఫ్ కార్డు: సి, ఎఫ్, ఎ, వేళ్లు 5 2 1. జి సెవెంత్, అంటే జి కార్డుకు ఎఫ్ కలిసినది: కింది బి, ఎఫ్, జి, వేళ్లు 5 2 1. సి నుంచి ఎఫ్‌కు పోయేటప్పుడు చిటికెన వేలు కదలదు. ఎఫ్ నుంచి జి సెవెంత్‌కు చూపుడువేలు కదలదు. సి నుంచి జి సెవెంత్‌కు బొటనవేలు కదలదు. ప్రతి మార్పులో ఒక వేలు గుంజలాగా నాటుకుని ఉంటుంది, మిగతావి దాని చుట్టూ తిరుగుతాయి. కళ్లు మెట్ల మీద పెట్టకుండా ఈ మార్పులు రావాలి. సి నాలుగు దెబ్బలు, ఎఫ్ నాలుగు, సి నాలుగు, జి సెవెంత్ నాలుగు, మళ్లీ సి. రోజుకి పదిసార్లు, మూడు వారాలు.

పాటకు కార్డు పెట్టేటప్పుడు రాగం చూసుకోండి. సి షడ్జమంగా మోహనలో సి మేజర్, ఎ మైనర్ నిండుగా కలుస్తాయి. జి కార్డులో బి ఉంది, అది మోహనలో లేని నిషాదం, కాబట్టి జి, డి రెండే పట్టాలి. ఎఫ్ కార్డులో మధ్యమం వస్తుంది, అసలు వద్దు. మాయామాళవగౌళకు ఎడమచేత్తో స, ప చాలు. సినిమా పాటల్లో ఈ పట్టింపు తక్కువే, అయినా ఒక కార్డు వేశాక పాట ఎందుకో వెలితిగా వినిపిస్తే కారణం చాలావరకు ఇదే.

తకిట నడక పాటలకు ఎడమచేత్తో త మీద కింది సి ఒక్కటే చిటికెనతో, కి-ట ల మీద ఇ-జి జంట రెండుసార్లు. మొత్తం కార్డు ప్రతి దెబ్బకూ కొట్టడం కన్నా ఇది వినడానికి ఎంతో తేలిగ్గా ఉంటుంది.

కీబోర్డులో స్టైల్ అనే బటన్ ఉంటుంది, నొక్కితే డ్రమ్స్, గిటార్ అన్నీ వస్తాయి. మూడు నెలలు దాని జోలికి పోవద్దు. ఆ మోతలో మీ తప్పు మీకే వినపడదు.

రెండు చేతులు కలిపేటప్పుడు

రెండో నెల చివర, మూడో నెల మొదట్లో చాలామంది మానేసేది ఇక్కడే. కుడిచెయ్యి వచ్చు, ఎడమచెయ్యి వచ్చు, కలిపితే రెండూ పోతాయి. వచ్చింది మర్చిపోయామని బెంబేలెత్తక్కర్లేదు. కుడిచెయ్యి ఇంకా సగం ఆలోచన మీదే నడుస్తోంది, ఆ ఆలోచనని ఎడమచెయ్యి లాక్కుంటోంది, అంతే. ఎడమచెయ్యిని ఆలోచన అక్కర్లేనంత అలవాటు చేయడమే దారి. ఎడమచేత్తో కార్డులు మారుస్తూ పక్కవాళ్లతో కూరల ధరలు మాట్లాడగలిగితే కలపడానికి సిద్ధమైనట్టు.

ఒకేసారి ఒక ఆవర్తనం కలపకండి, నాలుగు దెబ్బలు చాలు. ఎడమచెయ్యి ఒక్కటే తప్పులేకుండా మూడుసార్లు. కుడిచెయ్యి ఒక్కటే మూడుసార్లు. తర్వాత సగం వేగంలో రెండూ. మూడుసార్లు వరసగా శుభ్రంగా వస్తే మెట్రోనోం నాలుగు అంకెలు పెంచండి. తప్పితే నాలుగు దించండి. ఆ నాలుగు దెబ్బలు కుదిరాక తర్వాతి ముక్కలోని మొదటి స్వరం దాకా వాయించి ఆపండి. ఈ అతుకు వేయకపోతే ముక్కలన్నీ వచ్చినా వాటి మధ్య పాట ఆగుతుంది.

తప్పు రాగానే పల్లవి మొదటికి పోవడం పెద్దవాళ్ల అలవాటు. దానివల్ల పల్లవి నలభైసార్లు, చరణం రెండుసార్లు సాధన అవుతుంది. తప్పు పడిన చోటునుంచి రెండు స్వరాలు వెనక్కి వెళ్లి అక్కడే సరిచేయండి. అదే చోట నాలుగోసారీ తప్పు వస్తే సాధన తక్కువై కాదు, వేళ్ల క్రమం తప్పు. పెన్సిలుతో వేలి నంబర్లు రాసుకుని రోజూ అవే వేళ్లు వాడండి. ఇవాళ ఒక వేలు, రేపు ఒక వేలు అయితే చేతికి ఎన్నటికీ గుర్తుండదు.

రోజుకు అరగంట చాలు. అయిదు నిమిషాలు వరసలు, పది నిమిషాలు కొత్త ముక్క, పది పాతవి, అయిదు నిమిషాలు మీ ఇష్టం. పొద్దున పావుగంట, రాత్రి భోజనం అయ్యాక పావుగంటగా విడదీస్తే ఇంకా మంచిది. ఆదివారం మూడు గంటలు కూర్చోవడం దీనికి సాటి రాదు, అరగంట దాటాక అలసిన చెయ్యి తప్పుల్నే నేర్చుకుంటుంది. వారానికోసారి ఫోన్‌లో రికార్డు చేసి మర్నాడు వినండి. వాయిస్తున్నప్పుడు చెవి తనకు తెలిసిన పాటనే వింటుంది, మీరు వాయించినదాన్ని వినదు. రికార్డులో బయటపడే తప్పు దాదాపు ఎప్పుడూ ఒకటే: తేలిక చోట్ల పరుగు, కష్టం చోట్ల నింపాది. బస్సులోనో రైల్లోనో ఉన్నప్పుడు తొడ మీద రెండు చేతుల వేళ్లూ ఆడించడం కూడా సాధనే.

పెడల్, స్టాఫ్ లిపి, శ్రుతి బటన్

పెడల్ నాలుగో నెలలో. మడమ నేల మీద ఆనించి ముందుపాదంతో తొక్కాలి. కార్డుతోపాటే తొక్కితే పాత కార్డు కొత్తదానిలో కలిసి బురద అవుతుంది. కొత్త కార్డు మోగుతుండగా కాలు ఎత్తి, మోగాక తొక్కాలి: చెయ్యి కిందకి, కాలు పైకి. తొక్కినప్పుడు ఆగిపోయి వదిలినప్పుడు సాగుతుంటే పెడల్ చెడిపోలేదు, స్విచ్ వేశాక ప్లగ్ పెట్టారు లేదా స్విచ్ వేసేటప్పుడు కాలు దాని మీద ఉంది. ఆపి, ప్లగ్ పెట్టి, కాలు తీసి, మళ్లీ వేయండి.

స్టాఫ్ లిపి, అంటే గీతల మీద రాసే పాశ్చాత్య స్వరలిపి, చదవడం ఒక్కరోజులో రాదు, రోజుకు అయిదు నిమిషాలు మాత్రం కేటాయించండి. మూడు గుర్తులు పట్టుకుంటే చాలు: అయిదేసి గీతలున్న రెండు గుంపులకు మధ్యలో విడిగా చిన్నగీత మీద ఉండేది మధ్య సి, పై గుంపులో ట్రెబుల్ గుర్తు సుడి తిరిగే, కింద నుంచి రెండో గీత జి, కింది గుంపులో బాస్ గుర్తు రెండు చుక్కల మధ్యనున్న నాలుగో గీత ఎఫ్. మిగతావి వీటినుంచి ఎన్ని మెట్లు పైకో కిందికో లెక్కపెట్టుకోవచ్చు. స రి గ మ లిపి వచ్చినవాళ్లు ఒక్కటి గుర్తుంచుకోవాలి: మన షడ్జమం ఎక్కడికైనా జరుగుతుంది, సి జరగదు.

శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ పాడేవాళ్ల పక్కన వాయించడానికి పనికొస్తుంది. ఆడగొంతు ఐదున్నర శ్రుతికి మైనస్ 4 పెడితే మీరు సి లోనే వాయించొచ్చు. తర్వాత దాన్ని సున్నాకి తేవడం మర్చిపోతే మర్నాడు ఏ పాటతో పోల్చినా ఏదో తేడా అనిపిస్తుంది. అనుమానమొస్తే స్విచ్ ఒకసారి ఆపి, మళ్లీ వేయండి.

గురువు

నెల్లూరు, ఒంగోలుల్లో కీబోర్డు చెప్పేవాళ్లు ఉన్నారు. చర్చిల్లో ఆరాధనకు వాయించేవాళ్లు చెవితోనే కార్డులు పట్టడంలో ఘనులు, వాళ్ల దగ్గర ఆ విద్య వేరేచోట దొరకనంత తొందరగా వస్తుంది. చేరేముందు ఒక క్లాసు కూర్చుని చూడనివ్వమని అడగండి. వేళ్ల నంబర్లు చెబుతున్నారా, ఎడమచెయ్యి ఏ నెలలో మొదలుపెడతారు, ఈ రెండూ తెలిస్తే సగం తెలిసినట్టే. మెట్లకు అంకెలు వేసి పాటలు మాత్రం బట్టీ పట్టించేచోట రెండు నెలల్లో నాలుగు పాటలు వస్తాయి, అయిదో పాట సొంతంగా రాదు. ఆన్‌లైన్‌లో నేర్చుకుంటే కెమెరా ముఖం మీద కాక చేతుల మీద, పైనుంచి పెట్టాలి. శబ్దం ఆలస్యం వల్ల గురువుతో కలిసి వాయించడం కుదరదు. పరీక్షలు రాయాలనుకునేవాళ్లకు ట్రినిటీ కాలేజ్ లండన్ గ్రేడ్లకు వయోపరిమితి లేదు, ఇనిషియల్ తర్వాత ఒకటి నుంచి ఎనిమిది దాకా. పియానోకీ ఎలక్ట్రానిక్ కీబోర్డుకీ సిలబస్‌లు వేరు, ముందే తేల్చుకోండి.

ఉప్పుగాలి, చీమలు, తుపాను

టచ్ ఉన్న కీబోర్డులో ప్రతి మెట్టు కింద రబ్బరు గుబ్బలో రెండు కార్బన్ బిళ్లలుంటాయి. నొక్కగానే ఒకటి ముందు, రెండోది రవ్వంత ఆలస్యంగా కింది పలకకు తగులుతాయి. ఆ మధ్య వ్యవధిని కొలిచి వాయిద్యం మీ బలాన్ని లెక్కగడుతుంది. అక్కడ దుమ్మో తేమో చేరితే ఆ లెక్క తప్పి స్వరం పలకదు, లేదా ఒక్కసారిగా అరుస్తుంది. మలైకాజా తిని చేయి కడుక్కోకుండా వాయిస్తే చీమలు తిన్నగా అక్కడికే చేరతాయి.

వాయించడం అయ్యాక నూలుగుడ్డ కప్పండి. ప్లాస్టిక్ షీటు లోపలి తేమని పట్టి ఉంచుతుంది. కిటికీ పక్కన పెట్టొద్దు. వానాకాలం నెలల్లో సంచిలో పెడితే సిలికా జెల్ పొట్లాలు నాలుగు వేయండి. అన్నిటికన్నా మంచి రక్షణ రోజూ అన్ని మెట్లూ ఒకసారి నొక్కడం. అడాప్టరు పోతే బజార్లో దొరికిన ఏదో ఒకటి పెట్టకండి, యమహాకు 12 వోల్టులైతే సీటీ-ఎస్300కి 9.5, పిన్ను ప్లస్ మైనస్ గుర్తు కూడా కలవాలి. కరెంటు పోయినా ఈ 61 మెట్లవి ఆరు పెన్సిల్ సెల్లతో నడుస్తాయి, బరువు మెట్లవి ఎక్కువగా నడవవు. నవంబరు తుపాను రోజుల్లో ఉరుము వినపడగానే స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్ పీకేయండి.

ఒక మెట్టు మూగబోతే, వారంటీ ఉంటే సర్వీసుకే పంపండి. అయిపోయి ఉంటే, అడుగు స్క్రూలు విప్పి ఏది ఎక్కడిదో కాగితం మీద బొమ్మ గీసి గుచ్చుకుని, రబ్బరు పట్టీ ఎత్తి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన మెత్తని బట్టతో బిళ్లల్నీ పలకనీ ఒక్కసారి తుడిచి, పది నిమిషాలు ఆరనిచ్చి బిగించండి. గరుకు కాగితంతో రుద్దితే కార్బన్ పొర లేచిపోతుంది, ఆ మెట్టు ఇక పలకదు.